సొంత చెరువు కట్ట తెగితే బాధ్యత ఎవరిది?

నరసరావుపేట: సొంత భూమిలో వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసి నీరు నిల్వ చేసుకునే రైతు దగ్గరకు గానీ, తోట యజమాని దగ్గరకు గానీ, చేపల పెంపకందారు దగ్గరకు గానీ ఆ కట్ట ఎంత గట్టిదో చూసి చెప్పే అధికారి సాధారణంగా రారు. దేశంలో ఆనకట్టల భద్రతకు చట్టం వచ్చినా అది చిన్న కట్టల దాకా రాలేదు. కట్ట తెగిన నాడు మాత్రం దిగువన పొలం, ఇల్లు, రోడ్డు పోగొట్టుకున్నవారు నిలదీసేది యజమానినే. ఆ బాధ్యత ఎంతవరకు అన్న వివాదం తెలుగునేల నుంచి 150 ఏళ్ల కిందటే లండన్ దాకా వెళ్లింది.

తవ్వినది వేరు, కట్టినది వేరు

నేలను తవ్వి చేసిన పంట కుంటలో నీరు భూమట్టానికి దిగువన ఉంటుంది. గట్టు విరిగినా ఆ నీరు ఎక్కడికీ పోదు. ప్రమాదమంతా భూమట్టానికి పైన నిలిచిన నీటితోనే. ఒక ఎకరం విస్తీర్ణంలో సగటున రెండు మీటర్ల ఎత్తున నీరు నిలిపితే అది సుమారు 80 లక్షల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు 800 ఒక్కసారిగా పల్లానికి వదిలినట్లే. మూడు మీటర్ల లోతున కట్ట అడుగుభాగంలో ప్రతి చదరపు మీటరు మీద మూడు టన్నుల ఒత్తిడి రేయింబవళ్లు ఉంటుంది. కాబట్టి ‘మాది చిన్న కుంటే’ అన్న మాట ఎకరాల లెక్కలో నిజం కావచ్చు గానీ, కట్ట దిగువన కోళ్లఫారమో, కూలీల గుడిసెలో, బడో ఉన్నప్పుడు ఆ లెక్క పనికిరాదు.

పల్నాడు వాసులకు మట్టి ఆనకట్ట కొత్తది కాదు. నాగార్జునసాగర్ పొడవు 4,863 మీటర్లలో రాతికట్టడం 1,450 మీటర్లే. ఎడమవైపు 2,560 మీటర్లు, కుడివైపు 853 మీటర్లు మట్టికట్టలే. సాగర్ అనగానే గేట్లే గుర్తుకు వస్తాయి గానీ, నీటిని ఆపుతున్న పొడవులో మూడింట రెండు వంతులకు పైగా మట్టే. అయితే అక్కడ వరద పొర్లేది రాతికట్టడం మీదుగా మాత్రమే. మట్టి భాగం మీదికి చుక్క నీరు రానివ్వకపోవడమే మట్టికట్ట నిర్మాణానికి మొదటి సూత్రం. చిన్న కట్టకూ అదే వర్తిస్తుంది.

చట్టం ఆగిపోయే చోటు

ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. 15 మీటర్లకు మించిన ఎత్తు ఉన్నవన్నీ దాని కిందికి వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవి కొన్ని షరతులకు లోబడి వస్తాయి. కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, నిల్వ పది లక్షల ఘనమీటర్లకు తగ్గకపోవడం, పునాదిలో ప్రత్యేక చిక్కులు ఉండటం వంటివి ఆ షరతులు. ప్రభుత్వమైనా, కంపెనీ అయినా అంతటి ఆనకట్ట ఉన్నవారు వర్షాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు చేయించాలి. పది మీటర్ల లోపు కట్టలకు ఇవేవీ వర్తించవు. పొలాల్లో కనిపించే సొంత కట్టలు దాదాపు అన్నీ ఈ కోవలోనివే.

భారతీయ ప్రమాణాల సంస్థ చిన్న మట్టి ఆనకట్టల రూపకల్పనకు 1987లోనే ఐఎస్ 12169 పేరుతో ప్రమాణాలు ప్రకటించింది. వాటిని పాటించడం, పాటించకపోవడం యజమాని ఇష్టానికే మిగిలింది. కోర్టు మెట్లెక్కినప్పుడు మాత్రం ఆ ఇష్టం ఇష్టంగా మిగలదు.

కార్వేటినగరం జమీందారు కేసు

ప్రస్తుత చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం సంస్థానంలో భారీ వర్షాలకు రెండు చెరువులకు గండ్లు పడ్డాయి. ఆ నీరు దిగువనున్న మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలను మూడింటిని ధ్వంసం చేసింది. నష్టపరిహారం కోరుతూ కంపెనీ జమీందారుపై దావా వేసింది. మద్రాసు హైకోర్టులో ఓడి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లింది.

కంపెనీ ఆధారం చేసుకున్నది 1868 నాటి ఒక ఇంగ్లాండు తీర్పు. లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని తన అవసరానికి జలాశయం కట్టించుకున్నాడు. తవ్వకంలో బయటపడిన పాత గని నూతులను పనివారు సరిగా పూడ్చలేదు. నీరు నింపగానే అది ఆ నూతుల గుండా దిగి పొరుగువాడి బొగ్గుగనిని ముంచేసింది. మిల్లు యజమానికి ఆ నూతుల సంగతే తెలియదు. అయినా, కట్టుతప్పితే కీడు చేసే దానిని తన భూమిలోకి తెచ్చుకున్నవాడు నిర్లక్ష్యం చేసినా చేయకపోయినా నష్టానికి బాధ్యుడేనని అక్కడి ప్రభువుల సభ తేల్చింది.

కార్వేటినగరం విషయంలో 1874లో ప్రివీ కౌన్సిల్ ఆ సూత్రాన్ని అన్వయించలేదు. ఈ చెరువులు జమీందారు తన లాభానికి కొత్తగా కట్టుకున్నవి కావు, పూర్వం నుంచి ఉన్నవి, వేలమంది సాగుకు ఆధారమైనవి, వాటిని నిలిపి కాపాడటం జమీందారు విధి, కావాలనుకున్నా ఆయన వాటిని వదులుకోలేడు అని భావించింది. కాబట్టి నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత. జమీందారు తగిన జాగ్రత్తలు తీసుకున్నట్లు కింది కోర్టుల్లోనే తేలడంతో కంపెనీకి పరిహారం దక్కలేదు.

ఈ తీర్పును చెరువు యజమానులకు అభయహస్తంగా చదివేవారున్నారు. అది పొరపాటు. జమీందారును కాపాడినవి రెండు: చెరువు ప్రజల అవసరానిది కావడం, దాని సంరక్షణ సక్రమంగా ఉండటం. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ చెరువులు ప్రభుత్వపరమయ్యాయి. ఇప్పుడు సొంత భూమిలో చేపలకో, తోటకో, విడిది గృహం ముందు అందానికో కొత్తగా కట్ట వేసుకునే వ్యక్తి పోలిక కార్వేటినగరం జమీందారుతో కాదు, లాంకషైర్ మిల్లు యజమానితో. తగిన జాగ్రత్తలు తీసుకున్నానని చెప్పుకోవాలన్నా అందుకు కాగితం ఉండాలి. ఎవరు నమూనా గీశారు, మట్టి ఎక్కడిది, అలుగు ఎంత, చివరిసారి ఎవరు చూశారు అన్నవాటికి సమాధానం ఉన్న సొంత కట్టలు ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

నేల కింద బిలాలు

లాంకషైర్‌లో నీరు కట్టను తెంచలేదు, అడుగునుంచి దిగిపోయింది. పల్నాడుకు ఈ అంశం మరీ దగ్గరిది. మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాల్లో నేల కింద ఉన్నది సున్నపురాయి, నాపరాయి. సున్నపురాయి వేల ఏళ్లుగా నీటికి కరుగుతూ లోపల సందులు, సొరంగాలు ఏర్పరుస్తుంది. పిడుగురాళ్ల సమీపంలోని గుత్తికొండ బిలమే ఇందుకు సాక్ష్యం. పలకలు పలకలుగా ఉండే నాపరాయి పొరల మధ్య నుంచి కూడా నీరు అడ్డంగా పారుతుంది.

ఇలాంటి నేలపై కట్ట ఎంత గట్టిగా వేసినా పునాది కింది నుంచి నీరు దారి వెతుక్కుంటుంది. మొదట చెరువు నిలవడం లేదన్న ఫిర్యాదుగా ఇది బయటపడుతుంది. ఆ తర్వాత నీటితోపాటు కట్ట అడుగు మట్టి కూడా పగుళ్లలోకి జారడం మొదలైతే పైన గుంట పడుతుంది. అందువల్ల కట్ట మధ్యరేఖ వెంట రాయి తగిలేదాకా కందకం తవ్వి, పగుళ్లను కాంక్రీటుతో పూడ్చి, ఆపై బంకమట్టితో నింపి దిమ్మిస చేయడం తప్పనిసరి. క్వారీ గోతులున్న చోట మరింత జాగ్రత్త కావాలి. కట్టకు పక్కనే లోతైన గోయి ఉంటే ఊట నీరంతా అటే లాగుతుంది. పేలుళ్ల అదురు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రేగడి, చవుడు

నరసరావుపేట, చిలకలూరిపేట వైపు సమస్య రాయి కాదు, మట్టి. నల్లరేగడి నీటిని చక్కగా ఆపుతుంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు కట్టపై పడిన నెర్రెలు మీటరు లోతుకు దిగవచ్చు. తొలకరికి ఒక్కసారిగా నీరు చేరితే ఆ నెర్రెలు మూసుకునేలోపే నీరు వాటిలో దూరుతుంది. రేగడిని కట్ట నడుమ ఉంచి రెండు వైపులా, పైనా గ్రావెల్‌తో కప్పడం అందుకే. మొత్తం కట్టను రేగడితోనే పోయడం ఖర్చు తగ్గించేదే గానీ క్షేమం కాదు.

ఇంతకంటే మోసకారి చవుడు నేల. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర యువరాజు భాస్కరుడు తవ్వించిన అనంతరాజసాగరం వద్ద 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను అది పేర్కొంటుంది. కట్ట నుంచి నీరు ఊరడం, ఉప్పునేల కావడం ఆ ఆరింటిలో ఉన్నాయి. ఉప్పునేల ఎందుకు దోషమో ఆధునిక మృత్తికా శాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో వివరించింది. సోడియం ఎక్కువగా ఉన్న బంకమట్టి నిలకడ నీటిలో కూడా తనంతట తానే రేణువులుగా విడిపోతుంది. ప్రవాహ వేగం అవసరం లేదు. సన్నని నెర్రె దొరికితే చాలు, కొద్ది గంటల్లో అది సొరంగమవుతుంది.

దీనిని కనిపెట్టడానికి ప్రయోగశాల తప్పనిసరి కాదు. గాజు గ్లాసులో బ్యాటరీలకు వాడే శుద్ధజలం పోసి, చిన్న మట్టిబెడ్డను మెల్లగా జారవిడవాలి. కదపకుండా పది నిమిషాలు చూడాలి. బెడ్డ విడిపోయినా నీరు తేటగా ఉంటే సరి. బెడ్డ చుట్టూ పాలపొగ వంటి మబ్బు పరచుకుంటే ఆ మట్టి కట్టకు పనికిరాదు. బోరునీటితో ఈ పరీక్ష చేయరాదు. ఆ నీటిలోని లవణాలు మట్టిని విడిపోనివ్వక తప్పుడు ధైర్యమిస్తాయి. పరీక్షలో తేటగా కనిపించినా అనుమానం ఉంటే మట్టిని ప్రయోగశాలకు పంపడం మేలు.

మట్టి మంచిదైనా దానిని వేసే తీరు ముఖ్యం. టిప్పర్లతో ఒకేసారి గుట్ట పోసి పైన ట్రాక్టర్ తిప్పితే అది కట్ట కాదు, మట్టి దిబ్బ. అడుగులో మూడింట రెండు వంతులకు మించని పొరలుగా పరచి, ముద్ద చేస్తే నిలిచేంత తేమతో, ప్రతి పొరనూ రోలర్‌తో తొక్కించాలి. వాలు లోపలి వైపు మీటరు ఎత్తుకు రెండున్నర మీటర్లు, వెలుపల రెండు మీటర్లు ఉంచితే, పైన మూడు మీటర్ల దారితో నాలుగు మీటర్ల కట్టకు అడుగున 21 మీటర్ల వెడల్పు వస్తుంది. ఈ లెక్క వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. భూమి పోతుందని వాలు నిటారుగా చేస్తారు.

అలుగు లెక్క

పెద్ద మట్టి ఆనకట్టల వైఫల్యాలపై జరిగిన అంతర్జాతీయ అధ్యయనాల ప్రకారం వాటిలో దాదాపు సగం నీరు పైనుంచి పొర్లడం వల్ల, దాదాపు సగం లోపలి నుంచి మట్టి కోసుకుపోవడం వల్ల జరిగినవే. వాలు జారిపోవడం వల్ల తెగినవి కొద్ది. అంటే అలుగు, తూము చూసుకుంటే ప్రమాదంలో అధికభాగం తొలగినట్లే.

అలుగు పెట్టాల్సిన చోట ఒక సిమెంటు గొట్టం పెట్టి సరిపెట్టడం తరచు జరిగే పొరపాటు. ఒక లెక్క చూడవచ్చు. చెరువుకు పైన 250 ఎకరాల వాలు ఉందనుకుందాం. గంటలో ఆరు సెంటీమీటర్ల వాన కురిసి, అందులో సగమే పారి వచ్చినా వరద సుమారు 300 క్యూసెక్కులు ఉంటుంది. రెండడుగుల వ్యాసం ఉన్న గొట్టం, దానిపై మూడడుగుల నీటి ఒత్తిడితో, 26 క్యూసెక్కులకు మించి పంపలేదు. అలాంటివి పన్నెండు కావాలి. వాటికి బదులు గట్టి నేలపై 14 మీటర్ల పొడవున రాతి అలుగు కడితే అర మీటరు ఎత్తు ప్రవాహంతో అంత వరదా వెళ్లిపోతుంది. ఆ ప్రవాహానికి పైన కట్ట ఇంకా కనీసం ఒక మీటరు ఎత్తు మిగలాలి. నాగులేరు, చంద్రవంక వంటి వాగులు గంటల వ్యవధిలో పొంగి తగ్గే స్వభావం తెలిసినవారికి ఈ మీటరు దండగ అనిపించదు.

కట్టిన అలుగును మూసేయడం రెండో పొరపాటు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని సౌత్‌ఫోర్క్ మట్టి ఆనకట్ట సంపన్నుల వేట, చేపల క్లబ్బు సొంతం. బండ్లు నడవడానికి వీలుగా కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు జాలీలు కట్టారు. అడుగున ఉండాల్సిన తూము గొట్టాలను అంతకుముందే తొలగించారు, తిరిగి పెట్టలేదు. 1889 మే 31న వర్షాలకు జాలీలకు చెత్త అడ్డుపడి నీరు కట్టమీదికి ఎక్కింది. దిగువనున్న జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా మరణించారు. ఆ కట్ట 22 మీటర్ల ఎత్తుది, పల్నాడు కుంటలతో పోలిక లేదు. కానీ వలలు, జాలీలు, అర అడుగు నీరు ఎక్కువ నిలవాలని అలుగుపై పేర్చే ఇసుక బస్తాలు ఇక్కడా ఉన్నవే. కెన్యాలోని సొలాయ్‌లో 2018 మే 9న తెగిన పటేల్ డ్యామ్ కూడా ప్రైవేటు తోటలోని మట్టికట్టే. రాత్రివేళ దిగువ ఇళ్లపై పడి కనీసం 48 మందిని బలిగొంది.

ఒకే వాగుపై వరుసగా కట్టలుంటే పైదాని తప్పు కిందివాటికి చుట్టుకుంటుంది. 2021 నవంబరు 19న రాజంపేట వద్ద చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అంతకుముందు ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ వరద కూడా వచ్చి కలిసింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. అవి ప్రభుత్వ ప్రాజెక్టులు, ఇంజినీర్లు ఉన్నవి. అదే వాగుపై ఎవరికీ తెలియకుండా ఎగువన వేసిన సొంత కట్ట దిగువ చెరువు లెక్కల్లో అసలు ఉండదు. వాగుకు అడ్డం వేసే ముందు జలవనరుల శాఖకు తెలియజేయడం అందుకే అవసరం.

తూము పక్కన సన్నని దారి

మట్టికట్టలో అన్నిటికంటే బలహీనమైన చోటు తూము గొట్టం పక్క. గుండ్రని గొట్టం కింది భాగాన మట్టి సరిగా దిగదు, రోలర్ అక్కడికి పోదు. నీరు ఆ వదులు వెంటే పాకుతుంది. కట్ట పూర్తయ్యాక గోతి తవ్వి పీవీసీ గొట్టం దింపి పూడ్చడం మరీ ప్రమాదం. గొట్టాన్ని గట్టి పునాదిపై కాంక్రీటులో కూర్చి, వెలుపలి వైపు దాని చుట్టూ శుభ్రమైన ఇసుకతో వడపోత పొర వేస్తే, నీరు వచ్చినా మట్టి రాదు.

సర్కారు తుమ్మ, ఎలుకలు, చెదపుట్టలు చేసేదీ ఇదే పని. చెట్టు కొట్టేసి మోడు వదిలేస్తే వేరు కుళ్లి అక్కడ గొట్టం మిగులుతుంది. మొక్కగా ఉన్నప్పుడే పీకేయాలి. కట్టపై గరిక తప్ప మరేదీ పెరగరాదు.

తేటనీరా, బురదనీరా

ఊట లేని మట్టికట్ట ఉండదు. చూడాల్సింది దాని రంగు, పరిమాణం. కట్ట వెలుపలి పాదం వద్ద ఊరే నీటిని వారానికోసారి గాజు సీసాలో పట్టి చూడాలి. బకెట్ ఎన్ని నిమిషాల్లో నిండుతోందో రాసుకోవాలి. తేటగా ఉండి పరిమాణం మారకపోతే ఆందోళన లేదు. చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగినా, నీరు రంగు మారినా లోపల మట్టి కదులుతున్నట్లే. లోపలి కోతతో తెగిన పెద్ద కట్టల్లో సుమారు మూడింట రెండు వంతులు మొదటిసారి నీరు నింపినప్పుడు గానీ, తొలి ఐదేళ్లలో గానీ తెగినవే. కొత్త కట్టను ఒకే వర్షానికి నిండా నింపక, మట్టం మట్టానికి ఆగి చూడాలని చెప్పేది ఇందుకే.

బురదనీరు బుగ్గలా పొంగుతుంటే చాలామంది దానిపై బంకమట్టి బస్తాలు వేసి మూసేందుకు ప్రయత్నిస్తారు. వెలుపల మూస్తే లోపల ఒత్తిడి పెరిగి మరోచోట పగులుతుంది. ఆ బుగ్గపై ముందు ఇసుక, దానిపై సన్న కంకర, ఆపై పెద్ద రాళ్లు వేయాలి. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. మూయడానికి ప్రయత్నించాల్సింది చెరువు లోపలి వైపున. అదే సమయంలో దిగువ ఇళ్లవారికి, గ్రామ సచివాలయానికి, తహసీల్దారు కార్యాలయానికి కబురు వెళ్లాలి.

ప్రమాదం ముంచుకు రాని రోజుల్లో మరమ్మతు కోసం చెరువు ఖాళీ చేయడంలోనూ తొందర పనికిరాదు. కట్టలో నానిన నీరు చెరువు నీటంత వేగంగా బయటికి రాదు. ఎదురుగా నీటి ఆసరా పోయిన తడిమట్టి లోపలి వాలు మీదుగా జారుతుంది. తూము ద్వారా రోజుకు ఒక అడుగు మించకుండా మట్టం తగ్గిస్తే నాలుగు మీటర్ల చెరువు ఖాళీ కావడానికి రెండు వారాలు పడుతుంది. మే నెలలో మరమ్మతు ముగించాలనుకునేవారు ఏప్రిల్ మధ్యలోనే తూము తెరవాలి.